క్యాసినో మేనేజ్‌మెంట్ చదువు: ఫీజు కట్టే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న

హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలనుకునే మెదక్ పిల్లలు దూరం వెళ్లాల్సిన పని లేదు. రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ మెదక్‌లోనే ఉంది. చదువయ్యాక చాలామంది చూపు గల్ఫ్ వైపే. అయితే ఆ దారిలో ఇప్పుడు కొత్త మలుపు వచ్చింది.

యూఏఈ 2023లో గేమింగ్ వ్యాపారానికి నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసింది. 2024 అక్టోబర్‌లో విన్ రిసార్ట్స్ సంస్థకు లైసెన్స్ దక్కింది. రస్ అల్ ఖైమాలో 1,500కు పైగా గదులతో కడుతున్న ఆ రిసార్ట్‌ను 2027లో తెరవాలన్నది ప్రణాళిక. క్యాసినో అంటే గోవా, లాస్ వేగాస్ అనుకునేవాళ్లం. ఇప్పుడది మనవాళ్లు పనిచేసే చోటికే వస్తోంది.

ఈ వ్యాపారానికి చదువులూ ఉన్నాయి. లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ, మకావు పాలిటెక్నిక్ యూనివర్సిటీ ఇందులో పేరున్నవి. ఆటల లెక్కలు, నిఘా, చట్టం, అకౌంట్లు, నల్లధనం అడ్డుకోవడం వంటివి పాఠాలు.

మొదటి పాఠమే అసలు గుట్టు చెబుతుంది. అమెరికన్ రౌలెట్ చక్రంలో 38 గడులుంటాయి. గెలిచిన అంకెకు ఇచ్చేది 35 రెట్లే. ఒక్కో గడిలో 100 రూపాయల చొప్పున 3,800 పెడితే, పెట్టిన వందతో కలిపి తిరిగొచ్చేది 3,600. అంటే వందకు 5 రూపాయల 26 పైసలు ఇంటి యజమానివే. ఒక్క రాత్రి ఎవరైనా గెలవొచ్చు. ఏడాది మొత్తం మీద గెలిచేది క్యాసినోనే. ఆడేవాడు ఎక్కువసేపు కూర్చోవాలి, మళ్లీ రావాలి. మేనేజర్ పని అదే.

మన దేశంలో క్యాసినోలు గోవా, సిక్కిం వంటి కొన్ని చోట్లే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆటగా చెప్పింది. అయినా తెలంగాణ 2017లో 1974 నాటి చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఈ డిగ్రీకి సొంత రాష్ట్రంలో పనే లేదు.

ఇక దీన్ మాట. సూరె మాయిదా 90, 91 ఆయతుల్లో మద్యంతో పాటు జూదాన్నీ షైతాన్ పనిగా చెప్పి, దూరంగా ఉండమన్నాడు అల్లాహ్. జూదంలో కొంత లాభమున్నా దాని పాపమే పెద్దదని సూరె బఖరా 219వ ఆయతు చెబుతుంది. "మేం ఆడం కదా, నడిపిస్తాం అంతే" అనే మాట ఇక్కడ నిలవదు. నడిపేవాడు లేకుంటే ఆటే లేదు.

అలాగని హోటల్ రంగమంతా హరామ్ అనుకోనక్కర్లేదు. వంట, గదుల నిర్వహణ, ఆసుపత్రుల క్యాటరింగ్, విమానయానం, హజ్-ఉమ్రా ప్రయాణ ఏర్పాట్లు, ఇలా దారులు చాలానే ఉన్నాయి. క్యాసినో చదువు నేర్పే నిఘా, ఆడిట్ నైపుణ్యాలు వేరే కోర్సుల్లోనూ దొరుకుతాయి. క్యాసినో ఉన్న హోటల్‌లో వంటింటి ఉద్యోగం వస్తే ఏం చేయాలన్నది కాస్త చిక్కు ప్రశ్న. పని వివరాలు, కాంట్రాక్టు చూపించి ముఫ్తీ సాహెబ్‌ను అడగడమే మంచిది.

అయితే ఇవన్నీ ముందే అడగాలి. కోర్సులో ఏ సబ్జెక్టులున్నాయి, ట్రైనింగ్ ఎక్కడికి పంపుతారు, కాంట్రాక్టులో ఏ విభాగం రాశారు? లక్షలు అప్పు తెచ్చి విదేశానికి పంపాక, మొదట వచ్చిన ఉద్యోగం క్యాసినోదే అయితే వద్దనడం ఆ పిల్లాడికి కష్టం. కిస్తీ ఆగదు కదా. ఆ బరువు వాడి మీద పడకుండా చూడాల్సింది ఇంటి పెద్దలే.