పొయ్యిలు లెక్కపెడితే పెళ్లెవరిదో తెలియదు

క్యాన్సర్ పరిశోధనలో ఒక రకం వ్యాసం అచ్చులో పోసినట్టు వస్తూనే ఉంటుంది. ఫలానా రైబోజోమ్ ప్రొటీన్ పక్కనున్న మామూలు కణజాలంలో కన్నా కణితిలో ఎక్కువగా కనిపించింది. అది ఎక్కువున్న రోగులు తక్కువకాలం బతికారు. గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల్లో దాన్ని తగ్గిస్తే ఎదుగుదల ఆగింది. కాబట్టి అది బయోమార్కర్ (రోగసూచిక), మందుకు గురి కూడా. మొదటి మూడు వాక్యాలనూ నేను శంకించను. నా పేచీ అంతా ఆ ‘కాబట్టి’తోనే.

కణంలో ప్రొటీన్లను తయారుచేసే యంత్రం రైబోజోమ్. మనిషి రైబోజోమ్‌లో 80 ప్రొటీన్లు, 4 ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. ఒక కణం రెండు కావాలంటే ముందు తన సరుకంతా రెండింతలు చేసుకోవాలి. ఆ పనికి రైబోజోమ్‌లు కావాలి. కణం ఎదుగుదలను ఉరికించే మిక్ జన్యువు చెలరేగినా, అలాంటిదే అయిన ఎంటార్ మార్గం తెరుచుకున్నా ఈ ప్రొటీన్ల తయారీ దాదాపు మూకుమ్మడిగా పెరుగుతుంది. ఆ గుంపులోంచి ఒకదాన్ని చెయ్యిపట్టి లాగి ‘దొరికింది దొంగ’ అనడం, పెళ్లింట పొయ్యిలు లెక్కపెట్టి పెళ్లికొడుకు పేరు చెప్పడం లాంటిది. విందు పెద్దదని మాత్రం తెలుస్తుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆర్‌పీఎల్‌పీ0, ఆర్‌పీఎల్13ఏ, ఆర్‌పీఎస్18 వంటి జన్యువులు పెద్దగా మారవన్న నమ్మకంతో, మిగతా జన్యువులను కొలవడానికి ల్యాబుల్లో వాటినే ప్రమాణంగా వాడుతుంటారు. ఒక బల్ల మీద కొలబద్ద, పక్క బల్ల మీద రోగసూచిక! ఇక రోగుల ఆయుర్దాయంతో సంబంధమంటారా, 2011లో బ్రసెల్స్‌లోని డేవిడ్ వెనే బృందం రొమ్ము క్యాన్సర్ సమాచారంతో ఒక పరీక్ష చేసింది. వందకు పైగా జన్యువులతో లాటరీ తీసినట్టు ఎంచిన జాబితాల్లో 90 శాతానికి మించి ‘రోగి భవిష్యత్తు చెప్పేవి’గానే తేలాయి. కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయన్న సంగతి అన్నిట్లోనూ అంతో ఇంతో ప్రతిఫలిస్తుంది మరి.

జన్యుశాస్త్రం చెప్పే కథ దీనికి తలకిందులు. 1999లో డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనతకు ఆర్‌పీఎస్19 జన్యువు దెబ్బతినడం ఒక కారణమని తేలింది. అలా జబ్బుపడ్డ పిల్లలకు ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయదు. ఎముక మజ్జ ఎర్రకణాలను సరిపడా తయారుచేయలేకపోతుంది. వాళ్లలో క్యాన్సర్ ముప్పు కూడా మామూలు జనంలో కన్నా ఎక్కువ. 2004లో జీబ్రాచేపల్లోనూ అదే కనిపించింది: రైబోజోమ్ ప్రొటీన్ జన్యువు ఒక ప్రతి పోయిన చేపలకు కణితులు వచ్చాయి. అంటే ఇక్కడ కీడు చేస్తున్నది లోటు. ఒక రైబోజోమ్ ప్రొటీన్‌ను సగానికి తగ్గించే మందు వస్తే మనిషి ఒంట్లో ఏం జరగొచ్చో ఆ పిల్లల రక్తపరీక్షల్లో ఇప్పటికే రాసి ఉంది. పళ్లెంలో కణాలు ఆగిపోవడం వింత కాదు. రైబోజోమ్ లేకుండా ఏ కణమూ ఎదగదు, మంచిదైనా చెడ్డదైనా.

‘రైబోజోమ్‌ను కొట్టే క్యాన్సర్ మందులు ఉన్నాయి కదా’ అంటారు. ఉన్నాయి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఒమాసెటాక్సిన్ రైబోజోమ్‌లోనే కూర్చుంటుంది. అయితే అది కూర్చునేది అమైనో ఆమ్లాలను అతికించే గదిలో. ఆ గదిలో పనిమంతుడు ఆర్‌ఎన్‌ఏ. వెంకటరామన్ రామకృష్ణన్, స్టైట్జ్, యోనాత్‌లకు 2009లో నోబెల్ తెచ్చిన నిర్మాణాల్లో కళ్లకు కట్టింది ఇదే. ప్రొటీన్లలో చాలావరకు దూలాలు, వాసాలు. మందు అణువు దూరి కూర్చోవడానికి ఎంజైముల్లో ఉండే గుంటలాంటిది వాటిలో అరుదు. ఆ మందు గెలుపును ఫలానా దూలం ఖాతాలో వేయడం కుదరదు.

నాకు ఒప్పుదల ఉన్న ఉదాహరణలు వేరే ఉన్నాయి. ఐదో క్రోమోజోమ్ పొడవు చేయిలో ముక్క ఊడిపోయే మజ్జ వ్యాధిలో రక్తహీనతకు మూలం ఆర్‌పీఎస్14 సగమైపోవడమేనని 2008లో తెలిసింది. దానికి వాడే లెనాలిడోమైడ్ అప్పటికే, 2005 చివరినుంచే, రోగులకు అందుతోంది. అది ఆర్‌పీఎస్14 జోలికే పోదని 2015లో బయటపడింది. అది నాశనం చేయించేది సీకే1ఆల్ఫా అనే మరో ప్రొటీన్‌ను. దాని జన్యువూ ఊడిపోయిన ఆ ముక్కలోనిదే. రోగకణంలో సీకే1ఆల్ఫా ముందే సగం కాబట్టి ఆ దెబ్బకు ఆ కణం కూలుతుంది, ఆరోగ్యకణం తట్టుకుంటుంది. అలాగే టీ-కణ లుకేమియా వచ్చిన కొందరు పిల్లల్లో ఆర్‌పీఎల్10లో 98వ స్థానంలోని ఆర్జినిన్ మళ్లీమళ్లీ సెరీన్‌గా మారుతుందని 2013లో కనుగొన్నారు. ఇలాంటివాటిని బయోమార్కర్ అంటే అభ్యంతరం లేదు. ఇవి దొరికింది జన్యువుల్లో వెతికితే. ప్రొటీన్ ఎంత ఉందో తూచి కాదు.

‘తూకం కూడా ఏదో చెబుతుంది కదా’ అనేవారికి ఒక చిన్న కోరిక. కణాలు చీలే జోరును కేఐ-67 పరీక్షతో పాథాలజీ ల్యాబులు ఏళ్ల తరబడి కొలుస్తూనే ఉన్నాయి. ఆ జోరును లెక్కలోంచి తీసేసి, మిగతా 79 ప్రొటీన్ల అంకెలు కూడా పక్కనే వేసి, అప్పటికీ మీ ఒక్కటి తల ఎత్తి నిలబడుతోందేమో చూపించండి.