డిశ్చార్జి తర్వాత ఎవరు?

ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది. తలకు దెబ్బ తగిలిన మనిషిని మన వ్యవస్థ పట్టించుకునేది అంతవరకే. ఇంటికొచ్చాక తూలే కాళ్లకు, నాలుగడుగులకే కమ్ముకొచ్చే నిస్సత్తువకు ఏం చేయాలో చెప్పేవాళ్లు దొరకరు. ఎప్పుడు చూసినా పడుకునే ఉంటున్నాడని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. గాయపడిన మెదడు త్వరగా అలసిపోతుందనీ, నిద్రపోయి లేచినా ఆ అలసట తీరకపోవచ్చనీ వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

వ్యాయామం మంచిదని విని ఫోన్‌లో ఏదో వీడియో పెడతారు. హోరెత్తే పాట, మెరిసే లైట్లు, ఒక భంగిమ అర్థమయ్యేలోపే మరొకటి. వెలుతురూ శబ్దమూ భరించలేని మనిషి కాసేపటికే తల పట్టుకుంటాడు. మళ్లీ ఆ జోలికి పోడు.

అలాంటివాళ్లకు తగిన పాఠాలు తయారుచేయడం సాధ్యమే. అమెరికా స్నోబోర్డు క్రీడాకారుడు కెవిన్ పియర్స్ 2009 డిసెంబర్ 31న, వాంకూవర్ ఒలింపిక్స్‌కు సాధన చేస్తూ యూటాలో పడిపోయాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. మెదడుకు తీవ్ర గాయమై నడక మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. తర్వాత అన్న ఆడమ్‌తో కలిసి 'లవ్ యువర్ బ్రెయిన్' సంస్థను స్థాపించాడు. మెదడు గాయాలున్నవాళ్ల కోసమే రూపొందించిన యోగా, ధ్యానం పాఠాలను అది ఆన్‌లైన్‌లోనూ ఉచితంగా అందిస్తోంది.

ఇలాంటివి తెలుగులో కావాలి. సంగీతం వద్దు. ఒక్క గొంతు, ఒకసారికి ఒకే సూచన, ఆ తర్వాత కాస్త మౌనం. కుర్చీలో కూర్చునే చేయగలగాలి. వారం వారం అదే వరస ఉంటే జ్ఞాపకశక్తి మీద భారం పడదు. తెర మీద అక్షరాలు పెద్దగా కనిపించాలి. ఇంట్లోనే చేసుకోవడంలో ఉన్న సౌకర్యమే వేరు: బస్సు హారన్ల మధ్య ప్రయాణం తప్పుతుంది, తల తిరిగితే ఆపేసి పడుకోవచ్చు. అయితే మొదలుపెట్టే ముందు డాక్టరు అనుమతి, పక్కన ఓ తోడు తప్పనిసరి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్లు 4,43,366 మంది. వాళ్లలో తలకు దెబ్బ తగిలి బయటపడినవాళ్ల కష్టం కంటికి కనిపించదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మెదడు గాయానికి విడిగా చోటు లేదు. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. నిమ్స్, కేజీహెచ్ వంటి ఆసుపత్రుల ఫిజియోథెరపిస్టులు ఒక గది, ఒక కెమెరాతో ఈ పాఠాల తయారీ మొదలుపెట్టగలరు. ప్రతి పాఠాన్నీ ముందుగా గాయపడినవాళ్లతోనే చేయించి చూడాలి, వాళ్లు కష్టమన్నది తీసేయాలి. ఆ పాఠాల లింకును డిశ్చార్జి కాగితం మీదే ముద్రించి ఇవ్వాలి.