ఫ్రీడాస్‌లో ఏ ఫైల్ మేనేజరు పెట్టుకోవాలి?

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివి మీ ఆఫీసు పనికేమీ ఒరగదు. క్లౌడు, కంటెయినర్లు, మైక్రోసర్వీసులు అంటూ రోజంతా కొట్టుకునే మనలాంటివాళ్ళకి డాస్‌లో ఫైల్ మేనేజరు గొడవేంటి అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించేది, మా బావగారి రైసుమిల్లులో పదకొండు రోజుల లెక్కలు నా చేతులతో నేనే పోగొట్టేవరకూ.

మిల్లు తెనాలి దగ్గర. ధాన్యం కొనుగోళ్ళు, కాటా లెక్కలు, బస్తాలు, తవుడు, నూకలు అన్నీ ఒక ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములో ఉంటాయి. తొంభైల్లో ఎవరో కుర్రాడు రాసిచ్చి వెళ్ళిపోయాడు, సోర్సు కోడు లేదు. గుమాస్తా గారు అప్పటినుంచీ ఆయనే. ఆయనకి విండోస్ అంటే పడదు, ప్రోగ్రాము మాత్రం కళ్ళు మూసుకుని నడుపుతారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, పార్లల్ పోర్టు, నీలి తెర.. ఆయన లోకం అంతే.

"విండోస్‌లోకి మార్చెయ్యొచ్చుగా" అంటారని తెలుసు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. విండోస్ 11 అసలు 64 బిట్ తప్ప లేదు. 32 బిట్ దొరికిన విండోస్ 10కి 2025 అక్టోబరుతో మద్దతు ఆగిపోయింది. ఇక కొత్తగా రాయించాలంటే పాతికేళ్ళ లెక్కలు, మిల్లుకి మాత్రమే తెలిసిన కటింగులు, తరుగులు, రైతుకి రైతుకి మారే పద్ధతులు.. వాటిని ఎవరైనా కూర్చుని రాసుకుంటే గానీ కోడు మొదలవదు. ఆ పని ఎందుకు జరగదో మనకంటే బాగా ఎవరికి తెలుసు :)

కాబట్టి పాత కంప్యూటరు హార్డ్ డిస్కు పోయినపుడు ఒక సెకండ్ హ్యాండ్ కోర్ టూ డ్యుయో కొని ఫ్రీడాస్ వేశా. పార్లల్ పోర్టు ఉన్నదే కావాలని వెతికి మరీ కొన్నా. కొత్త మిషన్లలో యూఈఎఫ్ఐ తప్ప పాత బయాస్ ఉండటం లేదు, అది లేకపోతే ఫ్రీడాస్ లేవదు.

ఫ్రీడాస్ పేరు మనవాళ్ళకి కొత్త కాదు. ఒకప్పుడు ల్యాప్‌టాప్ కొనేటపుడు "విండోస్ ఉన్నదా, డాస్‌దా?" అని అడిగేవాళ్ళు గుర్తుందా? ఆ "డాస్‌ది" చాలాసార్లు ఇదే. నాలుగైదు వేలు మిగిలాయని సంబరపడి ఇంటికి తెచ్చుకున్న గంటలో దాన్ని తుడిచేసి దొంగ విండోస్ ఎక్కించేవాళ్ళం. అది ఏమిటో, ఎవరు చేశారో చూసిన పాపాన పోలేదు. జిమ్ హాల్ అనే ఆయన కాలేజీ విద్యార్థిగా ఉండగా 1994 జూన్ 29న "మైక్రోసాఫ్టు డాస్‌ని వదిలేసేలా ఉంది, మనమే ఒకటి రాసుకుందాం" అని యూజ్‌నెట్‌లో ప్రకటించి మొదలెట్టాడు. 1.0 అనిపించుకోవడానికి 2006 దాకా పట్టింది. 1.3 వచ్చింది 2022లో, 1.4 వచ్చింది 2025 ఏప్రిల్లో. ఎవరూ జీతమివ్వని పనిని ముప్ఫై ఏళ్ళు చేశారు.

సరే, అసలు సంగతికొద్దాం. ఫ్రీడాస్ వేశాక గుమాస్తా గారు అడిగిన మొదటి ప్రశ్న: "బాబూ, మన ఎన్‌సీ ఏదీ?"

ఎన్‌సీ అంటే నార్టన్ కమాండర్. తొంభైల్లో కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. డాస్ కమాండ్లు రానివాడు కూడా ఎన్‌సీ వస్తే చాలు, కంప్యూటరు వచ్చినట్టే లెక్క. జాన్ సోచా రాసిన మొదటి వెర్షన్ 1986లో వచ్చింది. ఎడమవైపొక ప్యానెల్, కుడివైపొక ప్యానెల్, కింద ఫంక్షన్ కీల వరుస. ట్యాబ్ కొడితే అటునుంచి ఇటు. ఎఫ్3 చూడ్డానికి, ఎఫ్4 దిద్దడానికి, ఎఫ్5 కాపీ, ఎఫ్6 పేరు మార్చడానికో తరలించడానికో, ఎఫ్8 చెరపడానికి. ఆ తర్వాత వచ్చిన మిడ్‌నైట్ కమాండర్, ఫార్, ఇంకా బోలెడు, అందరూ ఈ కీలనే పట్టుకున్నారు. లినక్స్‌లో ఎమ్‌సీ వాడేవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

నేనేమో ఇంజనీరుని కదా! "అంతకంటే మంచివి ఉన్నాయండీ, చూపిస్తా" అన్నా. ఒకటి ఎంచుకుని పెట్టా. ఏదో చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. రంగులు మార్చా, ఎక్స్‌టెన్షన్‌ని బట్టి ప్రోగ్రాములు తెరిచేలా పెట్టా. ప్యానెళ్ళు పేర్లు మాత్రమే కనబడేలా మూడు వరుసలు చేశా, ఎక్కువ ఫైళ్ళు పడతాయని. ఇక ఘనకార్యం ఏంటంటే, మాటిమాటికీ "నిజంగానా? నిజంగానా?" అని అడగడం చిరాగ్గా ఉందని ఆ ప్రశ్నలన్నీ ఆపేశా. బ్యాకప్‌కి ఒక బ్యాచ్ ఫైలు రాసి, ఎక్స్‌కాపీకి స్లాష్ డీ తగిలించా, హార్డ్ డిస్కులో కొత్తగా మారిన ఫైళ్ళే పెన్‌డ్రైవ్‌కి వెళ్ళాలని. చాలా తెలివిగా చేశాననుకున్నా.

2023 దాళ్వా కోతల టైములో కరెంటు పోయింది. మిల్లులో అది వింతేం కాదు. కానీ నేను కొన్న మిషన్లో మదర్‌బోర్డు మీది బటన్ సెల్ చచ్చిపోయి ఉంది, నేను చూసుకోలేదు. కరెంటు వచ్చాక గడియారం 2008 జనవరి 1కి పోయింది. గుమాస్తా గారు పొద్దున్నే ప్రోగ్రాములో తేదీ చేత్తో కొట్టడం పాతికేళ్ళ అలవాటు, కాబట్టి బిల్లుల మీద తేదీ సరిగ్గానే పడుతోంది. సిస్టం తేదీ ఎవరు చూస్తారు?

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ రోజునుంచి హార్డ్ డిస్కులో ఫైళ్ళ మీద 2008 ముద్ర. పెన్‌డ్రైవ్‌లో కాపీ మీద 2023 ముద్ర. నా తెలివైన బ్యాచ్ ఫైలు "హార్డ్ డిస్కులోది పాతది, వద్దులే" అని రోజూ నోరుమూసుకుని వదిలేసింది. పదకొండు రోజులు. ఆడిటరు గారి కోసం పెన్‌డ్రైవ్ తీయబోతూ గుమాస్తా గారు రెండువైపులా తేదీలు చూశారు. ఇటు 2008, అటు 2023. "అయ్యో, మిషన్లో పాతది పడిందే" అనుకుని, కొత్తదనుకున్నదాన్ని ఎఫ్5తో హార్డ్ డిస్కు మీదకి కాపీ చేశారు. ప్రశ్న అడగాల్సిన మేనేజరు అడగలేదు, నేను ఆపేశాను కాబట్టి.

డాస్‌లో ఫైలు చెరిపితే ఆశ ఉంటుంది. డైరెక్టరీలో పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, ఫ్యాట్‌లో ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, అసలు డేటా అక్కడే ఉంటుంది. వెంటనే అన్‌డిలీట్ చేస్తే చాలాసార్లు దొరుకుతుంది. ఓవర్‌రైట్ అలా కాదు. పైన కొత్త డేటా పడిపోతుంది.

బావగారు ఫోన్ చేసి, "ఏవయ్యా, నువ్వు పెట్టిన దాన్లో లెక్కలు పదకొండు రోజులు వెనక్కెళ్ళాయంట" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రైతులకివ్వాల్సిన డబ్బు లెక్కలవి. కాటా చీటీలు గోనెసంచిలో దాచి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్ళా. నేను చీటీలు చదువుతుంటే ఆయన కొట్టారు, రెండు రాత్రులు. ఆ రెండు రాత్రుల్లో నేను గమనించిందేంటంటే, ఆయన స్క్రీను చదవరు. వేళ్ళు వాటంతటవే పోతాయి. ట్యాబ్, కింది బాణం, ఇన్సర్ట్, ఎఫ్5, ఎంటర్. మధ్యలో ఒక ఎర్ర పెట్టె వస్తేనే ఆగి కళ్ళజోడు సర్దుకుంటారు. నేను తీసేసింది ఆ ఎర్ర పెట్టెనే.

తిరిగొచ్చాక బుద్ధిగా మళ్ళీ మొదటినుంచీ వెతికా. నా మట్టుకు నాకు తేలిందేంటంటే..

పాత నార్టన్ కమాండరే పెట్టొచ్చు. గుమాస్తా గారికి ఆనందం. కానీ అది ఎవరిదో ఒకరి సొత్తు. ఇపుడు అమ్మటం లేదు కాబట్టి వాడుకోవచ్చు అనే వాదన నాకు మింగుడు పడదు. మిల్లులో ఉన్న కాపీ కూడా అప్పట్లో ఎవరో ఫ్లాపీలో తెచ్చిందే, ఎవరూ కొన్నది కాదు. అంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని గొప్పగా ఫ్రీడాస్ వేసి, దాని నెత్తిన దొంగ సరుకు పెట్టడం ఎందుకో బాగోలేదు. ఇంకో సంగతి, పాత ఎన్‌సీకి పొడుగు పేర్లు తెలియవు. ఆడిటరు గారు ఎక్సెల్ ఫైలుకి బారెడు పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే, ఇక్కడ కనబడేది మొదటి ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె. దాన్ని అటూ ఇటూ తిప్పితే అసలు పేరు గల్లంతు.

వోల్కోవ్ కమాండర్ మీద నాకు మోజు. ఉక్రెయిన్ మనిషి వ్సెవోలోద్ వోల్కోవ్ అసెంబ్లీలో రాశాడు. 4.05 వెర్షన్ 64 కేబీ లోపల ఒకే ఒక్క కామ్ ఫైలు! ఈ రోజుల్లో ఒక వెబ్ పేజీలో బొమ్మ కూడా అంతకంటే పెద్దదే. కీలు అచ్చం ఎన్‌సీవే. కానీ అది షేర్‌వేర్, సోర్సు లేదు. నాలాంటివాడు దాన్ని చూసి మురిసిపోవాలి తప్ప రేపు ఏదైనా తేడా వస్తే ఏమీ చెయ్యలేడు. ఫాక్స్‌ప్రో సోర్సు లేక పడుతున్న పాట్లు చాలవా?

డాస్ నావిగేటర్ది ఇంకో కథ. మోల్డోవాలోని రిట్ ల్యాబ్స్ వాళ్ళది. 'ద బ్యాట్' అనే మెయిల్ ప్రోగ్రాము చేసింది వీళ్ళే. 1999లో సోర్సు బయటపెట్టారు, దాని మీద కొమ్మలు పుట్టాయి. దీన్లో లేనిది లేదు, కాలుక్యులేటరు, స్ప్రెడ్‌షీటు, ఆఖరికి టెట్రిస్ ఆట కూడా. కిటికీలెన్ని కావాలంటే అన్ని తెరుచుకోవచ్చు. నేను పాతికేళ్ళ క్రితం చూసుంటే దీన్నే కావలించుకునేవాణ్ణి. మిల్లులో మాత్రం వద్దు. తెరిచిన కిటికీ వెనక ఇంకో కిటికీ ఉండిపోతే గుమాస్తా గారు రెండు ప్యానెళ్ళు ఎక్కడికి పోయాయో వెతుక్కోవాలి.

ఓపెన్‌జెమ్ లాంటి బొమ్మల తెరలు కూడా చూశా, చూసి మూసేశా. మౌసు పట్టుకోమంటే ఆయన ఉద్యోగం మానేస్తారు.

చివరికి పెట్టింది డాస్‌జిప్ కమాండర్. జీపీఎల్ లైసెన్సు, సోర్సు ఉంది. రెండు ప్యానెళ్ళు, కాపీకి అదే ఎఫ్5. డాస్ఎల్ఎఫ్ఎన్ అనే చిన్న ప్రోగ్రామును ముందు మెమరీలోకి ఎక్కిస్తే పొడుగు పేర్లు కూడా చూపిస్తుంది. ఫ్రీడాస్ కెర్నెల్‌కి సొంతంగా ఆ విద్య రాదు మరి. ఏమాటకామాట, అందంలో వోల్కోవ్ ముందు ఇది తక్కువే. కానీ దీన్లో జిప్ ఫైలుని డైరెక్టరీ లాగే ఎంటర్ కొట్టి లోపలికెళ్ళి, లోపలున్నదాన్ని ఎఫ్5తో బయటకి తెచ్చుకోవచ్చు. నాకు కావాల్సింది అదే. బ్యాకప్ ఇపుడు ఫైలు మీద ఫైలు పడే పద్ధతి కాదు. రోజుకో కొత్త జిప్, పేరు గుమాస్తా గారు కొట్టిన బిల్లు తేదీ. సిస్టం తేదీని నమ్మే పనే లేదు. డీబీఎఫ్ ఒక్కటే తీసి, పక్కనుండే మెమో ఫైలు, ఇండెక్సు ఫైలు మర్చిపోయే ప్రమాదమూ లేదు, మూడూ ఒకే మూటలో ఉంటాయి.

మీరూ ఎవరికైనా పెట్టిస్తుంటే రెండు విషయాలు చూసుకోండి. మేనేజరు లోపల్నుంచి ప్రోగ్రాము నడిపినపుడు అది కొంత మెమరీ పట్టుకుని కూర్చుంటుంది, పెద్ద ప్రోగ్రాములకి 640 కేబీలో ఆ కాస్త కూడా ముఖ్యమే. మేనేజరు లోంచే మెమ్ అని కొట్టి చూడండి, బయట కొట్టిన దానితో పోల్చండి. ఇక పెన్‌డ్రైవ్, మిషన్ ఆన్ చెయ్యకముందే పెట్టాలి, బయాస్ చూపిస్తేనే అది డాస్‌కి కనబడుతుంది. అంటే రోజంతా కుడి ప్యానెల్లో ఎఫ్5కి అందేంత దూరంలో ఉంటుందన్నమాట.

ప్యానెల్లో ఇపుడు పేరుతోపాటు సైజు, తేదీ కనబడతాయి. ఎర్ర పెట్టెలు అన్నీ వస్తాయి. మదర్‌బోర్డులో సెల్ మార్చా, యాభై రూపాయలు కూడా కాలేదు. గుమాస్తా గారు వారం పాటు మూతి ముడుచుకుని, "ఎన్‌సీ అంత ఇది లేదు బాబూ" అన్నారు. పోయిన సంక్రాంతికి వెళ్ళినపుడు చూస్తే స్క్రీను పక్కన గోడకి ఒక చీటీ అంటించి ఉంది, ఆయన చేతిరాత. "సైజు చూడు, తర్వాతే ఎఫ్5." దాని కింద చిన్న అక్షరాల్లో, "అబ్బాయి గారిని సెట్టింగులు ముట్టుకోనివ్వరాదు."