తుపాకికి సొమ్ములు

ఆయుధమునకు సొమ్ములు పెట్టుట హైదరాబాదునకు క్రొత్త కాదు. జహంగీరుదని చెప్పు బాకును, నూర్జహానుదను రత్నాల పండ్లకత్తిని సాలార్‌జంగ్ మ్యూజియములో బడిపిల్లలు అద్దమునకు ముక్కానించి చూచుచునే యున్నారు. ఆ కెంపులు, పచ్చలు కత్తి చేత కోతను మరపించినవి.

దమ్మాయిగూడలో లైసెన్సు గల వేడుకకాడొకడు తన పన్నెండు బోరు తుపాకిని సింగారింప బూనినచో కథ వేరు. గొట్టము క్రింద టార్చిదీపము, మడమకు తూటాల పట్టీ, గురికి ఎఱ్ఱచుక్క అద్దము! కంటికి విందైనది వీనిలో ఒక్కటియు లేదు. చీకటిలో ఎదుటివానిని పట్టుటకో, మరుతూటాను వేగముగా అందుకొనుటకో పుట్టినవే అన్నియు. వీనిని సొమ్ములనుట మాటవరుసకే. శబ్దమును, మంటను అణచు సాధనమునైతే 1959 నాటి ఆయుధ చట్టము తుపాకిగనే లెక్కించినది. చట్టము కన్ను వేడుకకాని కంటికన్న నిశితము.

2019 సవరణతో సామాన్యునికి మూడు తుపాకులు పోయి రెండే మిగిలినవి. సంఖ్య తగ్గినచోట తగిలింపులపై మోజు పెరుగుట సహజమే.

సాలార్‌జంగ్ సేకరణ 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రజలకు తెరచుకొన్నది. దమ్మాయిగూడ సేకరణ బీరువాలో తాళము క్రింద నుండవలసినది. ఇంట బడిపిల్లవాడున్నచో, ఆ తాళపుచెవి చోటు వానికి తెలియరాదు.