శ్రుతి తప్పినవారిని వదిలేద్దామా?

మూలనపడిన పాత వస్తువును చూడగానే ‘ఇక ఇది పనికిరాదు’ అనేస్తాం. వస్తువు విషయంలో ఆ మాట వల్ల పోయేది కొంత డబ్బే. సంఘంలో ఒక మనిషి గురించి అదే మాట అంటే పోయేది ఒక ఆత్మ!

జర్మనీలోని సీసెన్ అనే చిన్న ఊళ్లో హైన్రిష్ స్టైన్‌వెగ్ అనే వడ్రంగి ఉండేవాడు. 1836లో తన ఇంటి వంటగదిలోనే తొలి గ్రాండ్ పియానో తయారుచేశాడు. 1850లో కుటుంబంతో న్యూయార్క్ చేరాక వెంటనే సొంత దుకాణం తెరవలేదు. తండ్రీకొడుకులు మొదట ఇతరుల దగ్గర పనిచేసి, 1853లో సొంత సంస్థ ప్రారంభించారు. అదే నేటికీ ప్రపంచమంతటా పేరున్న ‘స్టైన్‌వే అండ్ సన్స్’.

నూరేళ్లు దాటిన స్టైన్‌వే పియానోలను కూడా నిపుణులు బాగుచేసి మళ్లీ పలికిస్తున్నారు. గ్రాండ్ పియానోలో 88 మెట్లు, 200కు పైగా తీగలుంటాయి. ఆ తీగలన్నీ కలిసి లాగే బలం దాదాపు 20 టన్నులు! ఏళ్లు గడిచేకొద్దీ తీగలు తుప్పుపడతాయి, ఫెల్టును పురుగు తింటుంది, నాదాన్నిచ్చే పలుచని చెక్క పగుళ్లిస్తుంది. బాగుచేసేవాడు దుమ్ము దులిపి, పగుళ్లలో సన్నని చెక్కముక్కలు అతికి, కొత్త తీగలు బిగిస్తాడు. అసలు పని ఆ తర్వాతే. కొత్త తీగ కొద్దిరోజుల్లోనే సాగి శ్రుతి దిగిపోతుంది. అతను విసుక్కోడు, మళ్లీ శ్రుతి చేస్తాడు. అలా ఎన్నోసార్లు చేస్తేగాని తీగ నిలబడదు.

ఇలాంటి ఓపిక మన ప్రాంతానికి కొత్త కాదు. క్షయకు సరైన మందులే లేని రోజుల్లో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వేర్వేరు మిషన్లు కలిసి శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంట్. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి ఇవే అప్పటి ప్రధాన చికిత్స. రోగులు నెలల తరబడి అక్కడే ఉండేవారు. వారం రోజుల్లో నయం కాలేదని వారిని గేటు బయటికి పంపేసి ఉంటే ఆ స్థలానికి ఆరోగ్యవరమన్న పేరు తగేదా?

మరి నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల్లో మనమెలా ఉన్నాం? తాగుడు మానేసి, ఆదివారం వెనుక వరుసలో బెరుకుగా కూర్చున్న తమ్ముడు నాలుగు వారాలు నిలబడి, ఐదో వారం మళ్లీ పడిపోతే ‘మేం ముందే అనుకున్నాం’ అంటాం. ఆ ఒక్క మాటతో అతను మళ్లీ గుడి మెట్లెక్కడు. భార్యాపిల్లలు కూడా సిగ్గుతో రావడం మానేస్తారు.

తప్పును చూసీచూడనట్టు వదిలేయమని కాదు. శ్రుతి తప్పిన తీగను బాగుందని మెచ్చుకుంటే పాటే పాడవుతుంది. దాన్ని బిగించాల్సిందే. కానీ ఒక్కసారిగా లాగితే తెగిపోతుంది. తప్పిదంలో చిక్కుకున్నవాణ్ని సాత్వికమైన మనసుతో సరిచేయమన్నాడు పౌలు (గలతీ 6:1). అక్కడ వాడిన గ్రీకు క్రియాపదమే, యాకోబు యోహానులు వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పిన చోటా ఉంది (మత్తయి 4:21). చినిగిన వలను జాలరి గట్టున పారేయడు. మర్నాటి వేటకు అదే కావాలి కనుక కూర్చుని ఓపికగా అల్లుకుంటాడు.

కొంతకాలంగా ఆరాధనలో కనిపించని ఒక్కరి ఇంటికి ఈ వారం వెళదాం. ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఎలా ఉన్నావని అడుగుదాం. మళ్లీ పడిపోతే మళ్లీ వెళదాం. మనల్ని ప్రభువు ఎన్నిసార్లు శ్రుతి చేశాడో మనకు తెలియదా?