పూలమడిలో విషపు గింజలు

ప్రశ్న: మా ఇంటి ముందు మడిలో లార్క్‌స్పర్ పూలు వేద్దామని గింజల పొట్లం తెప్పించి, వంటింటి గూట్లో పెట్టాను. మూడున్నరేళ్ల మా బాబు దాన్ని చింపి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. చేదు కాబోలు, వెంటనే ఉమ్మేశాడు. మా అత్తగారు కంగారుపడి ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించారు. ఇది జరిగి పన్నెండు రోజులైంది. వాడు హాయిగా ఆడుకుంటున్నాడు. కాని విషం ఒంట్లో మిగిలి ఉంటుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పూలు ఇంటికే వద్దంటున్నారు అత్తగారు. నాకేమో అవంటే ప్రాణం. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, మదనపల్లె

జవాబు: ముందుగా మీరు నిద్రపోండమ్మా. ఈ గింజల విషం పనిచేస్తే కొద్ది గంటల్లోనే తెలిసిపోతుంది. పన్నెండు రోజులు దాచుకుని ఆ తర్వాత బయటపడే రకం కాదు. బాబుకు ఏ పరీక్షలూ, మందులూ అక్కరలేదు.

అయితే మీ అత్తగారి భయం ఉత్తిది కాదు. లార్క్‌స్పర్, మన ఆయుర్వేద వైద్యులు ఎంతో శుద్ధి చేస్తేగాని ముట్టని వసనాభి, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. లార్క్‌స్పర్‌లో ఆకు, కాడ, పువ్వు అన్నిటిలోనూ ఆల్కలాయిడ్లనే విష పదార్థాలుంటాయి. లేత మొక్కలోనూ, గింజల్లోనూ మరీ ఎక్కువ. ఇవి నరాలు కండరాలకు పంపే ఆజ్ఞలను అడ్డుకుంటాయి. నోరు మండటం, చొంగ కారటం, వాంతులు, కాళ్లూ చేతులూ నీరసించటం, నాడి నెమ్మదించటం, మరీ ఎక్కువగా తింటే ఊపిరి అందకపోవటం దీని లక్షణాలు. అమెరికా పశ్చిమ ప్రాంతాల పచ్చిక బయళ్లలో అడవి లార్క్‌స్పర్ మేసి పశువులు చచ్చిపోవడం అక్కడి రైతులకు పాత బెడద. మీ ఇంట్లో ఆవు ఉంటే పీకిన మొక్కలు దాని ముందు వేయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టినవి ఆ ఉప్పునీళ్లు. చిన్నపిల్లలకు చిక్కటి ఉప్పునీళ్లు పడితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కక్కించేటప్పుడు ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. మా చిన్నతనంలో పెద్దవాళ్లు చేసేవారు. చాలాకాలం వైద్యులూ చెప్పేవారు. ఇప్పుడు చెప్పరు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, కోడిగుడ్డు సొన ఏదీ వద్దు. గొంతులో వేలు పెట్టవద్దు. నోట్లో మిగిలినవి తీసేసి, పుక్కిలింపజేసి, పొట్లమో మొక్క రెమ్మో చేత పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. బిడ్డ బాగానే కనిపిస్తున్నా సరే వెళ్లండి. ఏ మొక్కో తెలిస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఈ గింజలకు ఇంకో కథ ఉంది. పూర్వం పాశ్చాత్య దేశాల్లో వీటి కషాయంతో తలలో పేలు చంపేవారు. మన ఇళ్లల్లో సీతాఫలం గింజల పొడి రాసినట్టే అనుకోండి. ఆ పొడి కంట్లో పడి నల్లగుడ్డు పైపొర రేగిపోయి, ఎర్రటి కళ్లతో ఏడుస్తూ వచ్చే పిల్లలను కంటి డాక్టర్లు చూస్తూనే ఉంటారు. మందుల షాపులో పేలకు మంచి మందులుండగా ఈ పొడులెందుకు?

ఇక అసలు తగాదా. మీ ఊరి చలి లార్క్‌స్పర్‌కు నచ్చుతుంది. అక్టోబరులో గింజలు నేరుగా మడిలోనే చల్లాలి. నారు పీకి నాటితే సరిగా బతకదు. సంక్రాంతి దాటాక నీలం, గులాబీ, తెలుపు రంగుల్లో కంకులు కంకులుగా పూస్తుంది. చూడ ముచ్చటే, కాదనను. కాని బాబుకు మరో రెండు మూడేళ్లు వచ్చేదాకా ఆగమంటాను. ఈలోగా బంతి, జీనియా వేసుకోండి. ఆగలేనంటారా, అయితే వాడు వెళ్లలేని చోట కంచె కట్టి వేయండి. పూలు వాడగానే, కాయ కట్టకముందే కంకి కోసేయండి. మొక్కలు పీకేటప్పుడు చేతికి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

అత్తగారినీ ఒక మాట అడగండి. పూజకని పెరట్లో పచ్చగన్నేరు పెంచుతున్నారా? పెంచుతుంటే ఆ కాయలు లార్క్‌స్పర్ కంటే నన్ను ఎక్కువ భయపెడతాయి. అవి గుండె కొట్టుకునే తీరునే తప్పిస్తాయి. పసిపిల్లలు ఒకటి రెండు గింజలు నమిలినా తేలికగా తీసుకోకూడదు. ఆస్పత్రిలో ఉంచి ఇ.సి.జి. తీస్తూ కనిపెట్టాలి. పూలు దేవుడికి పెట్టుకోండి, కాయలు రాలకముందే కోసి పూడ్చేయండి.

మిగిలిన పొట్లం ఇంకా ఆ గూట్లోనే ఉందా? ఆ గింజలు చూడటానికి కలోంజీ అనే నల్ల జీలకర్రలాగే ఉంటాయి. ఈరోజే తీసి, పేరు రాసి, తాళం వేసే బీరువాలో పెట్టండి.