వైరస్ వేషం మార్చింది... టీకా ఏమైంది?

‘రెండు డోసులూ వేయించుకున్నాం. అయినా జ్వరం వచ్చి మంచమెక్కాం కదా! మరి ఆ సూదులన్నీ దేనికి?’

2022 జనవరిలో ఒమిక్రాన్ ఊళ్లకు ఊళ్లను చుట్టేసినప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించిన మాట ఇది. ఇప్పటికీ టీకాల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ మాట అనకుండా ఉండరు. అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. టీకా ‘పనిచేసిందా, లేదా’ అన్నచోట ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. దేన్ని ఆపడానికి పనిచేసింది, ఎన్నాళ్లు పనిచేసింది అన్నది చూడాలి.

ఈ తేడా ఎంత ముఖ్యమో ముందుగా తెలిసొచ్చింది దక్షిణాఫ్రికాకు. 2021 ఫిబ్రవరి 1న మన పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన 10 లక్షల ఆస్ట్రాజెనెకా డోసులు జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో దిగాయి. మనకు కొవిషీల్డ్ పేరుతో తెలిసిన టీకాయే అది. దేశాధ్యక్షుడు రామఫోసా స్వయంగా వెళ్లి ఆ పెట్టెల్ని అందుకున్నారు. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 7న, వాటిని వాడబోమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కారణం బీటా. అప్పటికే దేశమంతా పాకిన కొత్త రకమది. సుమారు 2 వేల మందిపై జరిపిన పరీక్షలో ఈ టీకా బీటాను దాదాపుగా ఆపలేకపోయింది. తేలిన రక్షణ 10 శాతం. అదీ గట్టిగా నమ్మదగ్గ అంకె కాదు.

అయితే ఒక మెలిక ఉంది. ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఎక్కువగా పడుచువాళ్లు. వాళ్లకు వచ్చింది కూడా స్వల్ప, మధ్యస్థ జబ్బే. ప్రాణం మీదికి తెచ్చే జబ్బును టీకా ఆపుతుందా అన్న ప్రశ్నకు ఆ పరీక్షలో జవాబు లేదు, దొరికే వీలూ లేదు. ఆ డోసులు చివరికి ఇతర ఆఫ్రికా దేశాలకు వెళ్లిపోయాయి. దక్షిణాఫ్రికా తన వైద్య సిబ్బందికి జాన్సన్ అండ్ జాన్సన్ టీకాతో మొదలుపెట్టింది. ఆనాటి పరిస్థితిలో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ ‘కొత్త రకం వస్తే టీకా వృథా’ అన్న భయం ప్రపంచమంతా నాటుకున్నది అక్కడి నుంచే.

గుండు చేయించుకొచ్చిన పక్కింటాయన

కరోనా వైరస్ ఒంటి మీద ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్ సంగతి ఇప్పుడు పిల్లలకీ తెలుసు. మన కణాల తలుపు తీసేది అదే. చాలా టీకాలు మన శరీరానికి చూపించేది ఆ ముల్లునే. దాన్ని గుర్తుపెట్టుకుని శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి వెళ్లి ముల్లుకు అతుక్కుంటే వైరస్ కణంలోకి దూరలేదు.

వైరస్ పెరిగేటప్పుడు తన జన్యువును నకలు తీసుకుంటూ పోతుంది. ఆ నకళ్లలో అచ్చుతప్పులు పడతాయి. వీటినే ఉత్పరివర్తనాలు అంటారు. చాలా తప్పులు దేనికీ కొరగావు. ఏదో ఒకటి ముల్లు ఆకారాన్ని మారుస్తుంది. యాంటీబాడీలు తడబడతాయి. తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చిన పక్కింటాయన ఎదురుపడితే ఓ క్షణం పోల్చుకోలేం చూడండి, అలాగన్నమాట. కానీ ఆయన నడకా, గొంతూ మారవు కదా! రోగనిరోధక వ్యవస్థలో ఆ నడకనూ గొంతునూ పట్టుకునేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లే టి-కణాలు. ఇవి ముల్లు పైరూపాన్ని పట్టించుకోవు. వైరస్ దూరిన కణం, దాని ప్రొటీన్లను ముక్కలు చేసి తన పైపొర మీద పెడుతుంది. టి-కణాలు గుర్తుపట్టేది ఆ ముక్కల్ని. పైన నాలుగు చోట్ల మార్పులొచ్చినా మిగతా ముక్కలు పాతవే కాబట్టి దొంగ దొరికిపోతాడు.

ఒమిక్రాన్ సరిగ్గా ఈ రెండింటి మధ్య తేడాను బయటపెట్టింది. 2021 నవంబరులో బయటపడిన ఈ రకానికి ఒక్క ముల్లులోనే 30కి పైగా మార్పులున్నాయి. దాన్ని అడ్డుకునే శక్తి ఫైజర్ టీకా పొందినవారి రక్తంలో 20 రెట్లకు పైగా పడిపోయిందని డర్బన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. కేప్‌టౌన్ శాస్త్రజ్ఞులు టి-కణాలను పరీక్షిస్తే, వాటి స్పందన 70-80 శాతం చెక్కుచెదరలేదు. అంటే వీధి గుమ్మం దగ్గర కాపలా చెదిరింది, ఇంట్లో మనుషులు మేలుకునే ఉన్నారు. జ్వరం ఎందుకొచ్చింది, ఆసుపత్రి ఎందుకు తప్పింది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

దీనికి కాలం లెక్క కూడా తోడైంది. టీకాతో పుట్టిన జ్ఞాపక కణాలు వైరస్‌ను చూశాక పూర్తిగా రంగంలోకి దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. తట్టు అయితే ఒంట్లో చేరాక దద్దుర్లు తేలడానికి రెండు వారాల దాకా తీసుకుంటుంది. ఆలోగా సైన్యం సిద్ధమైపోతుంది. అందుకే చిన్నప్పుడు వేసిన తట్టు టీకా దశాబ్దాల తరబడి కాస్తుంది. తట్టు వైరస్ రూపం పెద్దగా మారకపోవడం మరో కారణం. ఒమిక్రాన్‌కు మూడు రోజులు చాలు. సైన్యం లేచేసరికే తుమ్ములు మొదలు!

అంకెలు చెప్పేదేమిటి?

ఇంగ్లండ్ లెక్కలు ఈ కథను మెట్టు మెట్టుగా చూపిస్తాయి. లక్షణాలతో వచ్చే కొవిడ్‌ను ఆపడంలో రెండు డోసుల ఆస్ట్రాజెనెకా ఆల్ఫా రకంపై 75 శాతం దాకా పనిచేస్తే, డెల్టాపై 67 శాతానికి తగ్గింది. పెద్ద పతనమేమీ కాదు. ఒక్క డోసుతో ఉన్నవారికి మాత్రం డెల్టాపై దక్కింది 30 శాతమే. 2021 మే 13న మన దేశంలో కొవిషీల్డ్ డోసుల మధ్య ఎడాన్ని 12-16 వారాలకు పెంచారు. ఎడం పెరిగితే రెండో డోసు స్పందన గట్టిగా ఉంటుందన్నది నిజమే. డెల్టా పడగ విప్పిన రోజుల్లో కోట్లమంది ఒంటి డోసుతో గడిపారన్నదీ నిజమే. మన భారత్ బయోటెక్ కొవాగ్జిన్ డెల్టాపై 65 శాతం పనిచేసిందని ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాలు చెప్పాయి.

ఒమిక్రాన్ దగ్గరికొచ్చేసరికి కథ మారింది. ఆస్ట్రాజెనెకా రెండో డోసు తీసుకుని ఐదు నెలలు దాటినవారికి లక్షణాలతో వచ్చే జబ్బు నుంచి రక్షణ దాదాపు లేకుండా పోయింది. ఫైజర్ బూస్టర్ వేస్తే అది 62 శాతానికి లేచింది. పది వారాలు దాటేసరికి మళ్లీ 40కి జారింది. ఎక్కడం వేగమే, దిగడమూ వేగమే. ఆసుపత్రి పాలుకాకుండా కాపాడే శక్తి మాత్రం ఇంత తొందరగా కరగలేదు.

కావాలంటే హాంకాంగ్ చూడండి. 2022 మొదట్లో అక్కడ ఒమిక్రాన్ విరుచుకుపడింది. ‘మెతక రకం’ అని అందరూ అనుకుంటున్నదే. కొద్ది నెలల్లో సుమారు 9 వేల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు అరవై దాటినవారు, అందులోనూ టీకా ముట్టనివారే ఎక్కువ. వైరస్ మెత్తబడిందనుకున్నది చాలావరకు టీకాలూ, అంతకుముందు సోకిన జబ్బూ కలిసి ఇచ్చిన బలమే.

మారిన రకానికి భయపడటంలో మనకూ ఒక అనుభవం ఉంది. 2021 మేలో ‘ఆంధ్రా రకం’ అంటూ ఎన్440కె గురించి పుకార్లు హోరెత్తాయి. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని దిల్లీ ఆదేశించింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు మాత్రం ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని చెబుతూనే ఉన్నారు. వాళ్ల మాటే నిజమైంది. జనాన్ని కూల్చింది డెల్టా. ఊళ్ల పేర్లతో వైరస్‌లను పిలిచే గొడవ వదిలించుకోవడానికి ఆ నెలాఖరునే ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాలు తెచ్చింది.

ఇక బూస్టర్. పాత వైరస్‌తో చేసిన టీకానే మూడోసారి వేస్తే కొత్త రకంపై ఎలా పనిచేస్తుందన్నది చాలామంది సందేహం. ఒకటి, యాంటీబాడీల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. సగం గురితప్పినా మిగిలినవి చాలు. రెండోది ఇంకా ఆసక్తికరం. డోసుకూ డోసుకూ మధ్య నెలల్లో శోషరస గ్రంథుల్లో బి-కణాలు తమ పనితనానికి సానపట్టుకుంటూనే ఉంటాయి. కొన్ని, వైరస్ మార్చుకోలేని భాగాలను కూడా పట్టుకోవడం నేర్చుకుంటాయి. మూడో డోసు వాటిని నిద్రలేపుతుంది. రెండు డోసుల మధ్య తగినంత ఎడం ఉండాలనేది ఇందుకే.

మరి కొత్త రకంతోనే టీకా చేస్తే? 2022 ఆగస్టు ఆఖరున అమెరికా పాతదీ ఒమిక్రానూ కలిపిన బూస్టర్‌కు అనుమతి ఇచ్చింది. దాంతో ఎంతో మార్పు వస్తుందనుకున్నారు. తొలి పరీక్షల్లో పాత బూస్టర్ కన్నా చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. మొదట పరిచయమైన రూపాన్నే శరీరం ఎక్కువగా తలచుకోవడం ఇందుకు కారణమై ఉంటుందని కొందరి వాదన. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక పాత వైరస్‌ను వదిలేసి ఎక్స్‌బీబీ రకంతోనే టీకాలు చేయమంది. 2024 ఏప్రిల్‌లో జేఎన్.1కు మారమంది. ఫ్లూ టీకాది ఎప్పటి నుంచో ఇదే పద్ధతి. ఏటా రెండుసార్లు నిపుణులు కూర్చుని రాబోయే సీజన్‌కు రకాలను ఎంచుతారు. ఎంపికైన రకం సీజన్ నాటికి మారిపోవడమూ మామూలే.

అందరికీ ఏటా బూస్టర్ అన్న ఆలోచన నుంచి చాలా దేశాలు వెనక్కి తగ్గాయి. బ్రిటన్ 2025 శీతకాలానికి 75 ఏళ్లు దాటినవారికీ, వృద్ధాశ్రమాల్లో ఉండేవారికీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ మాత్రమే ఉచితంగా ఇచ్చింది. ఇంట్లో తాతయ్యకు మధుమేహం ఉన్నా, అమ్మమ్మ క్యాన్సర్ మందులు వాడుతున్నా డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ‘టీకా వేయించామా’ అన్నది కాదు. ‘చివరి డోసు పడి ఎన్నాళ్లయింది, ఇప్పుడు మరొకటి కావాలా’ అన్నది. అదే పూట ఫ్లూ టీకా సంగతీ అడిగేయొచ్చు.